ఇంట్లో బేకింగ్‌కి సరైన పిండి ఎంచుకోవడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, బేకింగ్‌కి పిండి కావాలని కిరాణా కొట్లో అడిగితే చేతికిచ్చేది మైదా ప్యాకెట్టే. వీడియోల్లో మాత్రం కేక్ ఫ్లోర్, బ్రెడ్ ఫ్లోర్ అని వేరువేరుగా చెప్తారు. అవి దొరకలేదని ఆగిపోనక్కర్లేదు. ఏ పిండి ఎందుకు వాడతారో తెలిస్తే ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చు.

ముందు తేల్చుకోండి: సాగాలా, విరగాలా?

గోధుమలోని ప్రొటీన్ నీళ్లు తగిలి, పిసికేకొద్దీ గ్లూటెన్ అనే సాగే జిగురుగా మారుతుంది. ఈస్ట్ వదిలే గాలిని పట్టి ఉంచేది అదే కాబట్టి బ్రెడ్డుకి, బన్నుకి, పిజ్జాకి గట్టి జిగురు కావాలి. కేకులో అదే ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది. బిస్కెట్ కరకరలాడకుండా గట్టిపడిపోతుంది.

ప్యాకెట్ వెనక చూడండి

పోషకాల పట్టికలో 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో రాసి ఉంటుంది. కేకుకి 8–9 గ్రాములు, బిస్కెట్లకి 9–10, బ్రెడ్డుకి 11 పైన ఉంటే మంచిది. మన మైదా చాలావరకు 10కి అటూఇటూగా ఉంటుంది. గోధుమపిండి విషయంలో ఈ అంకెని నమ్ముకోకండి. 11, 12 అని రాసి ఉన్నా, అందులోని పొట్టు జిగురు తీగల్ని కోసేస్తుంది.

విడి మైదా కొంటే ఇంట్లోనే పరీక్ష

100 గ్రాముల మైదాని 60 మిల్లీలీటర్ల నీళ్లతో గట్టి ముద్దగా పిసికి, అరగంట నీళ్లలో నానబెట్టండి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి, ముద్దని మెల్లగా నొక్కుతూ కడగండి. తెల్లటి గంజి అంతా పోయి నీళ్లు తేటగా వచ్చేసరికి చేతిలో సాగే ముద్ద మిగులుతుంది. దాన్లోని నీళ్లు గట్టిగా పిండేసి తూచండి. 30 గ్రాములు దాటితే బ్రెడ్డుకి ధైర్యంగా వాడొచ్చు. 25 లోపుంటే కేకుకి ఉంచుకోండి. చేత్తో చేసే పరీక్ష కాబట్టి అంకె కాస్త అటూఇటూ అవుతుంది, కానీ రెండు కొట్ల మైదాని పోల్చి చూడ్డానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ఉన్న మైదాని సరిచేయడం

కేకుకి: కప్పు మైదాలోంచి 2 టేబుల్ స్పూన్లు తీసేసి, బదులుగా 2 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించండి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి మెత్తటి పొడి, పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి కాదు.

బ్రెడ్డుకి: మైదానే తీసుకుని ఎక్కువసేపు పిసకండి. చిన్న ముక్కని రెండు చేతులతో సాగదీస్తే చిరక్కుండా వెలుతురు కనబడేంత పల్చన కావాలి.

మర పట్టించిన గోధుమపిండి

ఇక్కడి మరల్లో బియ్యం ఎక్కువగా ఆడతారు. వాటి వెనకే మీ గోధుమలు పోస్తే బియ్యప్పిండి కలుస్తుంది. దానికి జిగురుండదు కాబట్టి బ్రెడ్డు సరిగ్గా పొంగదు. గోధుమలు ఆడిన వెంటనే మీవి వేయమని అడగండి. ఇంటికి తెచ్చాక ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. మర పిండి నీళ్లు బాగా పీలుస్తుంది. మొదటిసారి సగం గోధుమపిండి, సగం మైదాతో మొదలుపెట్టి, తడిపాక 20 నిమిషాలు వదిలేసి, అప్పుడు పిసకండి.

చోడిపిండిని (రాగిపిండిని) వదులుకోకండి

అంబలికే పరిమితం చేస్తాం గానీ, చోడిపిండి బిస్కెట్లకి చక్కగా సరిపోతుంది. గ్లూటెన్ అసలు లేదు కాబట్టి నోట్లో ఇట్టే విరుగుతుంది. సగం చోడిపిండి, సగం గోధుమపిండి, వెన్న, బెల్లం పొడి, పైన పలాస జీడిపప్పు పలుకులు వేస్తే మైదా ఊసే అక్కర్లేదు. కేకులో మాత్రం మూడో వంతు దాటించకండి, పొడిపొడిగా రాలిపోతుంది. బ్రెడ్డులో అంతకంటే తక్కువే వేయాలి.

కొనడం, దాచడం

సముద్రం పక్కనున్న ఊళ్లలో వానాకాలం పిండి తేమ పట్టేస్తుంది. ఆ నెలల్లో వంటకంలో చెప్పిన నీళ్లు, పాలలో 2 స్పూన్లు ఆపుకుని, చాలకపోతేనే కలపండి. గోధుమపిండి, చోడిపిండి ఒకేసారి ఎక్కువ తీసుకోవద్దు. వాటిలోని నూనె తొందరగా కనరెక్కుతుంది. చేదు వాసన వస్తే ఆ పిండితో ఏమీ చేయకండి. మైదా ఎక్కువ రోజులు ఆగుతుంది, మూత బిగించిన పొడి డబ్బాలో ఉంచితే చాలు.