అమెరికాలో జీఎంఆర్‌ఎస్ రేడియో లైసెన్స్: దరఖాస్తు విధానం, సెట్లు పలకకపోతే చూసుకోవాల్సినవి

రెండు మూడు కార్లలో బంధువులంతా కలిసి ఎల్లోస్టోన్ లాంటి చోట్లకు వెళ్తే ఫోన్ సిగ్నల్ సగం దారిలో ఉండదు. ముందు కారు ఏ మలుపు తిరిగిందో వెనక కారుకు తెలియక టెన్షన్ మొదలవుతుంది. అందుకే ఈమధ్య మనవాళ్లు చాలామంది వాకీటాకీలు కొంటున్నారు. కొనడం తేలికే. లైసెన్స్ సంగతే సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు అదేదో పెద్ద తతంగం అనుకుని వదిలేస్తున్నారు. నిజానికి ఓపిగ్గా కూర్చుంటే ఒక సాయంత్రం పని.

ముందు మీ దగ్గరున్న సెట్ ఏ రకమో చూడండి. యాంటెన్నా ఊడదీయడానికి వీల్లేకుండా, పవర్ 2 వాట్లు దాటకుండా ఉండే మామూలు సెట్లు ఎఫ్‌ఆర్‌ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) కిందకు వస్తాయి. వాటికి లైసెన్స్ అక్కర్లేదు. ఇంకో రకం జీఎంఆర్‌ఎస్, అంటే జనరల్ మొబైల్ రేడియో సర్వీస్ సెట్లు. 2017లో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు మార్చినప్పటి నుంచి ఈ రెండు రకాల మధ్య గీత స్పష్టంగా ఉంది. మాన్యువల్ చివరి పేజీల్లో పార్ట్ 95బీ అని ఉంటే ఎఫ్‌ఆర్‌ఎస్, 95ఈ అని ఉంటే జీఎంఆర్‌ఎస్. ఈ రెండోదానికి లైసెన్స్ లేకుండా బటన్ నొక్కి మాట్లాడకూడదు. హ్యామ్ రేడియో (ఔత్సాహికులు వాడే రేడియో) సెట్ చవగ్గా దొరికింది కదా అని దాన్ని ఈ ఛానళ్లకు ట్యూన్ చేసి మాట్లాడటం కూడా కుదరదు, 95ఈ సర్టిఫికేషన్ ఉన్న సెట్టే కావాలి.

ఎవరు అర్హులు, ఎవరి పేరు మీద తీసుకోవాలి

పరీక్ష ఏమీ లేదు. 18 ఏళ్లు నిండి ఉండాలి, విదేశీ ప్రభుత్వ ప్రతినిధి అయి ఉండకూడదు, అంతే. పౌరసత్వం అడగరు, గ్రీన్ కార్డు అడగరు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు భయపడకుండా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు 35 డాలర్లు, గడువు 10 ఏళ్లు. 2022 ఏప్రిల్ దాకా ఇదే లైసెన్స్‌కు 70 డాలర్లు కట్టేవాళ్లు.

ఈ లైసెన్స్ ఒకరి పేరు మీద వస్తుంది కానీ ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. భార్య లేదా భర్త, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, తోబుట్టువులు, మేనమామలు, మేనత్తలు, బాబాయిలు, పిన్నులు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అత్తింటివాళ్లు అందరూ ఆ లైసెన్స్‌తో వచ్చే కాల్‌సైన్ (గుర్తింపు కోడ్) మీదే మాట్లాడవచ్చు. ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలూ అంతే.

అయితే ఆ జాబితాలో కజిన్లు లేరు. మనకు పెదనాన్నగారి అబ్బాయి సొంత అన్నతో సమానం. ఎఫ్‌సీసీ లెక్కలో మాత్రం మీ లైసెన్స్ ఆయనకు వర్తించదు. మన కుటుంబాలకు ఇక్కడే చిక్కు వస్తుంది, దానికి దారీ ఇక్కడే ఉంది. అదే లైసెన్స్ పెదనాన్నగారి పేరు మీద ఉందనుకోండి. ఆయన కొడుకు కొడుకుగా, మీరు తమ్ముడి కొడుకుగా, ఇద్దరూ ఆయన కిందకే వస్తారు. కాబట్టి దరఖాస్తుకు కూర్చునే ముందు, ట్రిప్‌కు వచ్చేవాళ్లందరికీ దగ్గరి చుట్టం ఎవరో ఆలోచించి, అమెరికాలోనే ఉంటున్న ఆ పెద్దాయన పేరు మీదో పెద్దావిడ పేరు మీదో తీసుకోవడం మంచిది. స్నేహితులు మాత్రం ఎవరికి వారు తీసుకోవాల్సిందే. షాపు, రెస్టారెంట్ ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి: పనివాళ్లు మీ కుటుంబం కింద రారు. ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో మాత్రం ఎవరి చేతికైనా సెట్ ఇచ్చి మాట్లాడించవచ్చు.

దరఖాస్తు

పని రెండు చోట్ల జరుగుతుంది, రెండూ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్లే. మొదటిది నమోదుకూ ఫీజుకూ వాడే కోర్స్ (CORES), రెండోది లైసెన్స్ దరఖాస్తుకు వాడే యూఎల్‌ఎస్ (ULS). అడ్రస్ చివర డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి. మధ్యలో ఫారం నింపిపెడతామని అదనంగా డబ్బు అడిగే సైట్ల అవసరం ఎవరికీ లేదు.

కోర్స్‌లో ఈమెయిల్‌తో యూజర్ అకౌంట్ తెరిచి, మెయిల్‌కు వచ్చిన లింక్ నొక్కి ధ్రువీకరించండి. లాగిన్ అయ్యాక కొత్త ఎఫ్‌ఆర్‌ఎన్ కోసం రిజిస్టర్ చేసుకోవాలి. ఎఫ్‌ఆర్‌ఎన్ అంటే ఎఫ్‌సీసీ దగ్గర మీ పేరు మీద ఉండే 10 అంకెల నంబర్. ఇక్కడ కాస్త నిదానించండి. రెండు రకాల ఎఫ్‌ఆర్‌ఎన్‌లు కనిపిస్తాయి. మామూలు కోర్స్ ఎఫ్‌ఆర్‌ఎన్ ఎంచుకోవాలి, రెస్ట్రిక్టెడ్ యూజ్ అన్నది కాదు. రెండోదానితో లైసెన్స్ దరఖాస్తు ముందుకు కదలదు. తర్వాత ఇండివిడ్యువల్ అని ఎంచుకుని పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్, అడ్రస్ ఇవ్వండి. పేరు అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక రాయకండి.

అడ్రస్ విషయం ముందే తెలుసుకోవాలి. లైసెన్స్ వచ్చాక మీ పేరు, అడ్రస్ యూఎల్‌ఎస్ డేటాబేస్‌లో ఎవరైనా వెతికి చూడగలిగేలా ఉంటాయి. ఇంటి అడ్రస్ బయటపడటం ఇష్టం లేకపోతే పీఓ బాక్స్ ఇవ్వడం నయం.

నంబర్ చేతికొచ్చాక యూఎల్‌ఎస్‌లో లైసెన్స్ మేనేజర్‌కు వెళ్లి కొత్త లైసెన్స్‌కు దరఖాస్తు అన్న లింక్ తెరవండి. సర్వీసుల జాబితా పెద్దది. అందులో బాగా కిందికి వెళ్తే జెడ్ఏ అన్న కోడ్‌తో జనరల్ మొబైల్ రేడియో ఉంటుంది. ఆ తర్వాత ఫీజు మినహాయింపు ఉందా, నిబంధనల సడలింపు కోరుతున్నారా, జత చేసే పత్రాలున్నాయా అని అడుగుతుంది. మామూలు కుటుంబాలకు అన్నిటికీ లేదు అన్నదే జవాబు. నేర శిక్షకు సంబంధించిన ప్రశ్న కూడా ఉంటుంది, నిజం రాయండి. సంతకం అంటే పేరు టైప్ చేయడమే.

సబ్మిట్ కొట్టగానే పనైపోయిందనుకోకండి. డబ్బు కట్టడం వేరే అడుగు, అది మళ్లీ కోర్స్‌లోనే. 10 రోజుల్లోపు కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, కాబట్టి అదే కూర్చోవడంలో కార్డుతో కట్టేసి ఫైల్ నంబర్ రాసి పెట్టుకోండి. సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో లైసెన్స్ మంజూరవుతుంది. పోస్టులో కాగితం రాదు, యూఎల్‌ఎస్ నుంచే పీడీఎఫ్ దింపుకోవాలి. అందులో మీ కాల్‌సైన్ ఉంటుంది. యూఎల్‌ఎస్‌లో లైసెన్స్ యాక్టివ్ అని కనిపించేదాకా బటన్ నొక్కకండి.

మాట్లాడేటప్పుడు తెలుగు వాడుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి: మాటలు ముగిసినప్పుడు ఒకసారి, సంభాషణ సాగుతూ ఉంటే 15 నిమిషాలకోసారి. "బావా, ముందు గ్యాస్ స్టేషన్‌లో ఆగుతున్నాం, వెనకే వచ్చేయ్" అని చెప్పి, చివర కాల్‌సైన్ అక్షరం అక్షరంగా పలికితే సరిపోతుంది.

సెట్లు పలకకపోతే

ఎక్కువ ఫిర్యాదు ఒకటే: ఇద్దరం ఒకే ఛానల్‌లో ఉన్నాం, అయినా మాట వినపడటం లేదు. పదింట తొమ్మిదిసార్లు కారణం ప్రైవసీ కోడ్. పేరు ప్రైవసీ అని ఉన్నా అది మీ మాటలను ఎవరికీ వినపడకుండా చేయదు. కోడ్ అంటే మాటతో పాటు వెళ్లే, మనకు వినపడని ఒక టోన్. ఆ టోన్ లేని మాటలను మీ సెట్ మీకు వినిపించదు, అంతే దాని పని. ఒక సెట్‌లో 5 పెట్టి రెండోదాంట్లో మరిచిపోతే, వినిపించకపోవడం మామూలే. వేర్వేరు కంపెనీల సెట్లలో ఒకే కోడ్ నంబర్‌కు వేర్వేరు టోన్లు ఉండొచ్చు కాబట్టి, నంబర్‌ను కాక హెర్ట్జ్ విలువను పోల్చండి: 67.0, 141.3 ఇలా. ఏమీ అర్థం కాకపోతే అన్ని సెట్లలో కోడ్ సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టండి.

మాట వస్తోంది కానీ సన్నగా, లోతుగా ఎక్కడో వినిపిస్తోందంటే ఒక సెట్ న్యారోలో, ఇంకోటి వైడ్‌లో ఉండి ఉంటుంది. మెనూలో బ్యాండ్‌విడ్త్ (ఆ న్యారో, వైడ్ సెట్టింగ్) రెండు సెట్లలో ఒకేలా పెట్టండి. వాక్యంలో మొదటి మాట ఎగిరిపోతుంటే బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. ఇంట్లో సోఫా మీద పక్కపక్కన కూర్చుని పరీక్షిస్తే సెట్లు ఒకదాన్నొకటి ముంచేస్తాయి, ఒకరు వీధి చివరికి నడవాలి.

దూరం గురించి డబ్బా మీద రాసిన 35 మైళ్లను నమ్మకండి. అది కొండ మీది నుంచి లోయలోకి, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. ఇళ్లూ చెట్లూ ఉన్న చోట ఒకటి రెండు మైళ్లు వస్తే మంచి సెట్ కిందే లెక్క. 8 నుంచి 14 ఛానళ్లలో పవర్ అర వాటుకు మించకూడదు కాబట్టి కార్ల మధ్య వాటిని వాడకండి. 15 నుంచి 22 మంచివి, వాటిలో 50 వాట్ల దాకా అనుమతి ఉంది. అయితే ఆ పవర్ కారులో బిగించే సెట్లకే, చేతి సెట్లు దాదాపు 5 వాట్లవి. అయినా వాట్ల కంటే యాంటెన్నా ఎత్తే ఎక్కువ పనిచేస్తుంది. కారు లోపల ఇనుప డబ్బాలో కూర్చుని మాట్లాడేకంటే, పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా ఒకటి పెడితే అదే సెట్ పనితీరు ఎంతో మారుతుంది.

రిపీటర్ (మీ మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్) వాడాలంటే ముందు దాని యజమాని అనుమతి తీసుకోండి. సెట్ 462 మెగాహెర్ట్జ్‌లో వింటూ 467లో పంపేలా రిపీటర్ ఛానల్ ఎంచుకోవాలి, ఆ రిపీటర్ అడిగే టోన్ పెట్టాలి. అవతలివాళ్లు మీకు వినిపిస్తూ, మీరు వాళ్లకు వినిపించడం లేదంటే ముందు ఆ టోన్ సరిగా ఉందో లేదో చూడండి.

ఇల్లు మారితే యూఎల్‌ఎస్‌లో అడ్రస్ మార్చాలి, దానికి ఫీజు లేదు. గడువుకు 90 రోజుల ముందు నుంచి రెన్యువల్ తెరుచుకుంటుంది.

ఇండియా వెళ్లేటప్పుడు ఈ సెట్లు సూట్‌కేసులో పెట్టి పిల్లలకు కానుకగా తీసుకెళ్లకండి. అక్కడ జీఎంఆర్‌ఎస్ అన్న సర్వీసే లేదు, మీ ఎఫ్‌సీసీ లైసెన్స్ అక్కడ చెల్లదు. అక్కడ లైసెన్స్ లేకుండా వాడుకునే తక్కువ పవర్ వాకీటాకీలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఊళ్లో వాళ్లకు కావాలంటే, అక్కడి అనుమతి ఉన్న ఆ రకం సెట్లను అక్కడే కొనివ్వండి.