అద్దె ఇంట్లో తొలిసారి ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచడం ఎలా?

పుట్టగొడుగులు పెంచుదామని ఉత్సాహంగా మొదలుపెట్టి, మూడో వారానికల్లా పచ్చబూజు పట్టిన సంచులను చెత్తబండికి ఎత్తినవారిని నేను చాలామందిని చూశాను. వారిలో కొందరు విత్తనం మంచిది కాదంటారు, కొందరు వాతావరణం కలిసిరాలేదంటారు. ఆ సంచులను విప్పి చూస్తే మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకే తప్పు కనిపిస్తుంది: గడ్డిలో ఉండవలసినదానికన్నా ఎక్కువ తడి ఉంటుంది. ఈ పనిలో నిజంగా కష్టమైన ఘట్టం అదొక్కటే కాబట్టి, మిగిలినవాటిని త్వరత్వరగా చెప్పి దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటిసారి పెంచేవారు ఆయిస్టర్ రకాన్నే ఎంచుకోవాలి. బజారులో ఎక్కువగా దొరికే తెల్లటి బటన్ పుట్టగొడుగుకు వారాల తరబడి మాగబెట్టిన కంపోస్టు, పంట దశలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. అది అద్దె ఇంట్లో అయ్యే పని కాదు. పాల పుట్టగొడుగు 30 డిగ్రీలు దాటిన వేడిలోనూ చక్కగా వస్తుంది గాని, దానిమీద శుద్ధి చేసిన మట్టిపొర వేయాలి కనుక దాన్ని వచ్చే ఎండాకాలానికి ఉంచుకోండి. తొలకరి ఉరుములకు పుట్టల మీద లేచే మన నాటు పుట్టగొడుగులను ఇలా పెంచలేమా అని అడిగేవారికి ఒక మాట: అవి చెదపురుగులతో కలిసి బతికే జాతి, సంచిలో పెరగవు. ఆయిస్టర్‌కు 20 నుంచి 28 డిగ్రీలు సరిపోతుంది. హైదరాబాదులో కార్తీకం నుంచి మాఘం వరకు ఏసీ అవసరం లేకుండానే ఆ వేడి ఇంట్లో ఉంటుంది.

ఇంటి యజమానికి ముందే చెప్పండి. పుట్టగొడుగులను నీచుతో సమానంగా చూసే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. గడ్డిమోపు మెట్లెక్కేటప్పుడు తెలియడం కన్నా ముందుగా అడిగి ఒప్పించుకోవడం మర్యాద. చోటు విషయంలో రెండు నియమాలు తప్పనిసరి. మొదటిది, పడకగదిలో పెట్టకూడదు, ఉబ్బసం ఉన్నవారు మసలే గదిలో అసలే పెట్టకూడదు. ముదిరిన పుట్టగొడుగులు తెల్లటి పొడిలాంటి సిద్ధబీజాలను గాలిలోకి వదులుతాయి, అవి ఊపిరితిత్తులకు పడవు. రెండోది, సంచులు గోడకు తగలకూడదు. పంట దశలో ఆ చోట 80 శాతానికి పైగా తేమ ఉండాలి. ఆ తేమ గోడకు పడితే నెల తిరిగేసరికి పెయింటు పొక్కులు లేస్తుంది, ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ ఖర్చును అడ్వాన్సులోంచి కోసుకుంటారు. వాడని స్నానాలగదిలో గాని, ఎండ తగలని వాష్ ఏరియాలో గాని ఒక ఇనుప రాక్‌ను గోడకు జానెడు దూరంలో నిలబెట్టి, చుట్టూ దోమతెర, దానిపైన వదులుగా ప్లాస్టిక్ షీటు కప్పితే చాలు. సీలింగుకు మేకులు కొట్టి సంచులు వేలాడదీయడం అద్దె ఇంట్లో చేయవలసిన పని కాదు.

సామాను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రెండు కిలోల వరిగడ్డి, పావుకిలో విత్తనం, రెండు పెద్ద పాలిథిన్ సంచులు, రబ్బరు బ్యాండ్లు, పెద్ద డేగిసా, వంటింటి థర్మామీటరు, త్రాసు, సర్జికల్ స్పిరిట్, నీళ్లు చల్లే స్ప్రేయర్ ఉంటే సరిపోతుంది. మొదటి పంటకు రెండే సంచులు, అంతకు మించవద్దు. గడ్డి ఈ ఏటి కోతదై, వానకు తడవనిదై, బంగారు రంగులో ఉండాలి. విత్తనం అంటే జొన్న గింజల మీద పెంచిన తెల్లని బూజు; కృషి విజ్ఞాన కేంద్రాలలో, వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో విచారించి, తయారై నెల దాటని ప్యాకెట్‌నే తీసుకోండి. అందులో ఒక్క గింజ మీద పచ్చగానో నల్లగానో మచ్చ కనిపించినా ఆ ప్యాకెట్ మొత్తం పనికిరాదు.

ఇక గడ్డి సంగతి. రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి, రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి, ఉదయం ఆ నీటిని పారబోయండి. డేగిసాలో నీటిని 80 డిగ్రీలకు కాచి, గడ్డిని పూర్తిగా ముంచి, పైన బరువు పెట్టి, మంటను తగ్గిస్తూ పెంచుతూ అదే వేడిని 45 నిమిషాలు నిలపండి. చాలామంది "ఇంకా శుభ్రమవుతుంది కదా" అని గడ్డిని తెర్లబెడతారు, అది తప్పు. మనం గడ్డిలోని ప్రాణిని మొత్తంగా చంపడం లేదు; పోటీకి వచ్చే బూజులను, ఈగల గుడ్లను మాత్రమే చంపుతున్నాం. వేడిని తట్టుకుని మిగిలిన కొన్ని మంచి బాక్టీరియాలు, మన బూజు అల్లుకునేదాకా గడ్డిని కాపలా కాస్తాయి. తెర్లబెట్టిన గడ్డి మెత్తబడి నీటిని వదలదు, దానికి కాపలా కాసే సూక్ష్మజీవులూ ఉండవు.

వేడినీటికి బదులు ఫార్మాలిన్ అనే ఘాటు రసాయనం, కార్బెండజిమ్ అనే బూజుమందు కలిపిన నీటిలో 18 గంటలు నానబెట్టే పద్ధతి ఉంది. వందలాది సంచులు వేసే షెడ్లకు అది చౌక, తేలిక. కాని నలుగురు మసలే ఇంట్లో, తలుపులు మూసిన స్నానాలగదిలో ఫార్మాలిన్ ఘాటు కళ్లనూ గొంతునూ మండిస్తుంది. అది క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న రసాయనం. రెండు సంచుల కోసం దాన్ని ఇంట్లోకి తేవడాన్ని నేను ఏ విధంగానూ ఒప్పుకోను.

కాచిన గడ్డిని చిల్లుల బుట్టలోకి ఎత్తి రెండు గంటలు ఓడ్చండి. పని అయిపోయిందని అందరూ అనుకునేది ఇక్కడే, సంచి పాడవడం మొదలయ్యేదీ ఇక్కడే. ఓడ్చిన గడ్డి పైకి ఆరినట్లు కనిపించినా, కాడల బోలులో నీరు ఇంకా ఉంటుంది. ఆ గడ్డిని సంచిలో కూరితే మర్నాటికి ఆ నీరు అడుగుకు దిగి పసుపుపచ్చని మడుగు కడుతుంది. అక్కడ గాలి ఆడదు, బూజు ఊపిరాడక ఆగిపోతుంది, గడ్డి కుళ్లుతుంది. నా మొదటి సంచి అలాగే పోయింది: పైన సగం పాలమీగడలా తెల్లబడి కంటికి ఎంతో బాగుండేది, అడుగున వేలు పెట్టి నొక్కితే జిగటగా లోపలికి దిగింది, మూతి విప్పగానే మురిగిన కోడిగుడ్డు వాసన కొట్టింది.

కాబట్టి, ఓడ్చిన గడ్డిని స్పిరిట్‌తో తుడిచిన ప్లాస్టిక్ షీటు మీద నీడలో పలుచగా పరచండి. ఫ్యాను వేయవద్దు, వేస్తే గదిలోని దుమ్మూ బూజు బీజాలూ వచ్చి తడిగడ్డి మీదనే వాలతాయి. అరగంటకొకసారి శుభ్రమైన చేతులతో తిరగేస్తూ, ఒక గుప్పెడు తీసుకుని బలంగా పిండి చూడండి. వేళ్ల సందుల నుంచి నీరు ధారగా కారితే ఇంకా ఆరాలి. ఒకటి రెండు చుక్కలు అంచున నిలిచి, రాలీరాలనట్లుంటే సమయం దగ్గరపడింది. అరచేయి తడిసి, చుక్క రాకపోతే సరైన పదును. అరచేతికి తడే అంటకపోతే ఎక్కువ ఆరిపోయినట్లే. కాచి చల్లార్చిన నీటిని కొద్దిగా చిలకరించండి.

గుప్పిట పరీక్షను మాత్రమే నమ్ముకోవడానికి కొత్తవారి చేతికి ఇంకా అలవాటు ఉండదు, అందుకే త్రాసు తెమ్మన్నాను. ఎండుగడ్డి ఒక కిలో తూచి మొదలుపెడితే, సంచిలో నింపే వేళకు అది 2.6 కిలోలకు తగ్గకుండా, 3 కిలోలకు మించకుండా తూగాలి. ఎండుగడ్డిలో ముందే ఉండే పదోవంతు తేమను లెక్కలో కలుపుకుంటే, అప్పుడు తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉన్నట్లు. 3.4 కిలోలు తూగిన గడ్డిని "పరవాలేదులే" అని నింపవద్దు. పొద్దుపోయినా సరే, మరో గంట ఆగండి. గడ్డి ఒంటి వేడికన్నా చల్లబడిందో లేదో కూడా ఇక్కడే చూసుకోవాలి. వేడిగా ఉన్న గడ్డిలో పడిన విత్తనం చచ్చిపోతుంది.

నింపడం సులువు. రెండంగుళాల మందాన గడ్డి పరచి గట్టిగా అదిమి, అంచుల వెంట విత్తనం చల్లి, మళ్లీ గడ్డి వేస్తూ పైదాకా వెళ్లండి. కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల విత్తనం లెక్క. మిగిలినది పైపొర మీద వేయండి. మూతి బిగించి, స్పిరిట్‌తో తుడిచిన సూదితో చుట్టూ పది పదిహేను చిల్లులు పెట్టి, చీకటిగా ఉన్న చోట ఉంచండి. 15 నుంచి 20 రోజులలో సంచి అంతా తెల్లబడుతుంది. ఈ రోజుల్లో నీళ్లు చల్లకూడదు, మూతి విప్పి చూడకూడదు. ఎక్కడైనా పచ్చమచ్చ కనిపిస్తే కోసి బాగుచేసే ప్రయత్నం చేయవద్దు. ఆ సంచిని విప్పకుండా మరో కవరులో చుట్టి అదే రోజు ఇంటి బయటకు పంపండి.

పూర్తిగా తెల్లబడిన సంచికి బ్లేడుతో నాలుగైదు గాట్లు పెట్టి, వార్తాపత్రిక చదవగలిగేంత వెలుతురులోకి మార్చండి. రోజుకు రెండు మూడు సార్లు చుట్టుపక్కల, షీటు లోపలివైపు నీళ్లు చల్లండి; మొలకల మీద నేరుగా చల్లితే అవి పసుపు రంగుకు తిరిగి కుళ్లుతాయి. కుళాయి నీటిని బకెట్లో ఒక రాత్రి ఉంచి వాడితే క్లోరిన్ చాలావరకు పోతుంది. కాడలు పొడవుగా సాగి, గొడుగులు చిన్నవిగా ఉంటే గాలి చాలలేదని అర్థం, షీటును కాస్త పైకి లేపండి.

గాట్ల దగ్గర గుండుసూది తలకాయల్లాంటి మొలకలు కనిపించిన తరువాత మూడు నాలుగు రోజులలో కోతకు వస్తాయి. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే, గుత్తిని మొదట్లో పట్టుకుని మెలితిప్పి మొత్తంగా తీయాలి. అంచు పైకి లేచేదాకా ఆగితే బరువు పెద్దగా పెరగదు, సిద్ధబీజాల పొడి మాత్రం ఇల్లంతా పడుతుంది. వారం పది రోజుల ఎడంతో మరో రెండు కోతలు వస్తాయి. అన్నీ కలిపి కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి కిలో వరకు పంట అందుతుంది; మొదటి ప్రయత్నంలో అరకిలో వస్తే బాగా చేసినట్లే.

మూడో కోత అయ్యాక సంచిని కోసి, గడ్డిని ఎండబెట్టి కుండీలలో మట్టిమీద కప్పండి. రాక్‌ను, నేలను బ్లీచింగ్ నీటితో కడిగి, ఆ చోటును వారం రోజులు పొడిగా వదిలిన తరువాతే రెండో విడత గడ్డిని నానబెట్టండి.