కోతలకు దిగేముందు: నరం తెగిందా, నలిగిందా?

మన భాషలో ఒక తిరకాసుంది. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేదీ నరమే, మడమ వెనక బిర్రుగా తగిలేదీ నరమే, వేలికొసకి స్పర్శ తెచ్చేదీ నరమే. రక్తం పారే గొట్టం, కండని ఎముకకి కట్టే తాడు, మెదడుకీ ఒంటికీ మధ్య కబురు మోసే తీగ. మూడింటికీ ఒకటే మాట. (ఇక గోడల మీద రాసే 'నరాల బలహీనత' సంగతి వేరే. దాని జోలికి నేను పోను.)

పోయిన కోతలయ్యాక మా ఫిజియోథెరపీ గదికి ఒకావిడ వచ్చింది. తుఫానుకి పడిపోయిన వరి, మిషను దిగని మడి. చేత్తో కోస్తుంటే కొడవలి జారి ఎడమ మణికట్టు లోపలివైపు తెగింది. ఊళ్లో కుట్లు వేసినాయన "నరం తెగలేదులేమ్మా, రక్తం ఆగిపోయింది" అన్నాడట. ఆయన మాట్లాడింది మొదటి నరం గురించి. తెగింది మూడోది. నలభై రోజుల తర్వాత నా ముందు చెయ్యి చాపితే చూపుడువేలి కొసన పెద్ద బొబ్బ.

"టీ గ్లాసు పట్టుకున్నా సార్. కాలినట్టే తెలీలేదు. బొబ్బ చూశాకే తెలిసింది."

బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ అప్పటికే పల్లం పడింది.

వరి కోతలు మళ్లీ దగ్గరపడ్డాయి. అవి అయ్యీ కాకముందే మిరపకాయ కోతలు, కల్లాల్లో తాలుకాయలు ఏరడాలు. ఈసారి ముందే చెబుదామని ఇది రాస్తున్నాను. మూడో నరం గురించే.

కొడవలి గాయంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యం చేస్తే ఎక్కువ నష్టం వచ్చేది ఇక్కడే. కుడిచేత్తో కోసేవాళ్లకి ఎడమచెయ్యి పిడికిట్లో దుబ్బు ఉంటుంది, కొడవలి ఆ పిడికిలి కిందుగా వస్తుంది. అందుకే చిటికెనవేలి వైపు ఎక్కువగా తెగుతుంది. ప్రతి వేలికీ అటూ ఇటూ పక్కల వెంట ఒక్కో సన్న నరం వెళ్తుంది. గాయం అరంగుళమే ఉన్నా అది ఏ పక్కన పడిందన్నదే లెక్క.

పరీక్ష పొలం గట్టు మీదే చేసుకోవచ్చు. కళ్లు మూసుకోమనండి. గడ్డిపోచ కొసతో ఒక్కో వేలికొస మీద తాకండి, అటు పక్క ఒకసారి, ఇటు పక్క ఒకసారి. రెండో చేతిలో అదే వేలితో పోల్చి అడగండి. "తెలుస్తోందా?" అంటే అందరూ తెలుస్తోందనే అంటారు. "రెండు చేతులకీ ఒకేలా తెలుస్తోందా?" అని అడగాలి. ఇది కుట్లకి ముందు వేసే మత్తుసూది కంటే ముందే అయిపోవాలి. మత్తు ఎక్కాక ఏ వేలైనా మొద్దుగానే ఉంటుంది, ఏది మందు వల్ల, ఏది గాయం వల్ల అన్నది ఇక తేలదు. కుట్లు వేసేవాళ్లు చూడకపోతే మీరే అడగండి, తప్పులేదు.

మొద్దుబారిన చోటుని బట్టి ఏ నరమో చెప్పొచ్చు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలులో సగం మొద్దుబారితే మణికట్టు మధ్యగా వెళ్లే మీడియన్ నరం. చిటికెనవేలు, ఉంగరపువేలులో మిగతా సగం అయితే అల్నార్. చేతి వెనకవైపు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం అయితే రేడియల్. ఉంగరపువేలు రెండు సగాలుగా చీలి చెరో నరానికీ చెందడం నాకు ఇప్పటికీ వింతే, కానీ పరీక్షలో అది బాగా పనికొస్తుంది.

కదలిక కూడా చూడాలి. బొటనవేలినీ చూపుడువేలినీ కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. సున్నా బదులు కోడిగుడ్డు ఆకారం వస్తే మీడియన్ మీద అనుమానం. మణికట్టు దగ్గర తెగినప్పుడు మాత్రం సున్నా బాగానే వస్తుంది, ఎందుకంటే ఆ కొమ్మ ముంజేతిలోనే చీలిపోతుంది. అప్పుడు బొటనవేలు చిటికెనవేలి మొదటిదాకా చేరుతోందా చూడాలి. అల్నార్‌కి ఒక కాగితం చాలు. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య పట్టుకోమని లాగండి. కాగితం జారకుండా బొటనవేలి కణుపు కొంకిలా వంగితే అల్నార్ పని చేయడం లేదు. 1915లో ఫ్రోమాఁ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పిన పరీక్ష ఇది. రేడియల్‌కి, 'ఆగు' అన్నట్టు అరచెయ్యి ముందుకి ఎత్తమనండి.

మూడు నాలుగు రోజుల తర్వాత కూడా అనుమానం తీరకపోతే మంచి ఉపాయం ఒకటుంది. నాట్లలో నానిన వేళ్లు ఎలా ముడతలు పడతాయో మీకు చెప్పక్కర్లేదు. నరం తెగిన వేలు ముడత పడదు. గాయానికి నీళ్లు తగలకుండా వేలికొసల్ని గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి చూడండి. మిగతా వేళ్లు ఎండిన ద్రాక్షల్లా అయితే అదొక్కటీ నున్నగా ఉంటుంది. ఆ వేలికి చెమట కూడా పట్టదు. ఏమీ చెప్పలేని చిన్నపిల్లల విషయంలో నేను దీన్నే నమ్ముతాను.

గాయమైన గంటలో చేయాల్సింది కొంచెమే. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి, సున్నం నింపకండి, అవన్నీ తర్వాత డాక్టరు కడగాలి. పైన పురికొసతో బిగించి కట్టడం అసలొద్దు, ఆ కట్టే ఇంకో నరాన్ని నలిపేస్తుంది. తెగిన గాయం ఉండి, దాని కింద మొద్దుగా ఉంటే 'చూద్దాంలే' అనకూడదు. చేతి సర్జనో ప్లాస్టిక్ సర్జనో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నున్నగా తెగిన నరాన్ని మొదటి కొద్ది రోజుల్లో అయితే కొస కొస కలిపి కుట్టొచ్చు. వారాలు దాటితే కొసలు ముడుచుకుపోతాయి, అప్పుడు కాలి నుంచి ఇంకో నరం తీసి అతుకు వేయాల్సి రావచ్చు.

తెగకుండా నలిగేవి వేరే రకం, వాటిలో మొదటిది కాలిది. మోకాలికి బయటివైపు, కొంచెం కిందుగా వేలు పెట్టి చూసుకోండి, ఎముక బొడిపె తగులుతుంది. దాని మెడ చుట్టూ చర్మం కిందే పెరోనియల్ నరం తిరుగుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరినా, వేరుశనగ కాయలు కోసినా ఆ నరం అక్కడ నలుగుతుంది, సాగుతుంది. మొదట పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. లేచి విదిలిస్తే పోయే తిమ్మిరితో భయం లేదు. లేచాక కూడా పోకపోయినా, నడుస్తుంటే చెప్పు తెలీకుండానే కాలి నుంచి జారిపోతున్నా, బొటనవేలు గడపకి తగులుతున్నా అది తిమ్మిరి కాదు. మడమల మీద నాలుగడుగులు వేయండి. ఒక పాదం ముందుభాగం పైకి లేవకపోతే ఆ రోజు నుంచి ఆ కూర్చోవడం బంద్. సన్నగా ఉన్నవాళ్లకీ, జ్వరమొచ్చి ఈమధ్యే బాగా చిక్కిపోయినవాళ్లకీ, షుగరున్నవాళ్లకీ ఇది తేలిగ్గా వస్తుంది. చిన్న పీట వేసుకోండి, లేదా గోతం పరుచుకుని కాళ్లు చాపుకోండి, పావుగంటకోసారి లేవండి. మేస్త్రి గొణుగుతాడు. గొణగనివ్వండి.

అదే పాదం వాలిపోవడం నడుములోంచి పిక్కదాకా లాగే నొప్పితో వస్తే తప్పు మోకాలి దగ్గర కాదు, వెన్నులో ఉండొచ్చు. దానికితోడు ఉచ్చ పోయడం కష్టమైనా, కూర్చునే చోట, రెండు తొడల లోపలివైపు మొద్దుబారినా ఆ రాత్రే పెద్దాసుపత్రిలో ఉండాలి. ఆడవాళ్లు ఈ మాట బయటికి చెప్పడానికి సిగ్గుపడి రోజులు పోగొడతారు. ఇంట్లో పెద్దవాళ్లే అడగాలి.

ఆటోలో పన్నెండు మంది కిక్కిరిసి వస్తూ వెనక కమ్మీ మీద చెయ్యి వేలాడేసి నిద్రపోతారు చూడండి, వాళ్లలో ఎవరికో ఒకరికి పొద్దున లేచేసరికి మణికట్టు వాలిపోయి ఉంటుంది. దండచెయ్యి ఎముక వెనకగా చుట్టుకు వెళ్లే రేడియల్ నరం నలిగింది. చాలావరకు వారాల్లో, ఎక్కువలో ఎక్కువ మూడు నాలుగు నెలల్లో దానంతటదే కోలుకుంటుంది. ఆలోగా మణికట్టుని పైకి నిలబెట్టే పట్టీ కట్టుకుని వేళ్లు బిగుసుకుపోకుండా కదిలిస్తుండాలి. చిక్కంతా ఏమిటంటే ఇంట్లోవాళ్లు దీన్ని పక్షవాతం అనుకుని పసరు పోసే ఊరికి తీసుకెళ్తారు, నిజంగా పక్షవాతం వచ్చినవాణ్ణి 'చెయ్యి తిమ్మిరెక్కింది' అని పడుకోబెడతారు. తేడా ఇదీ. మూతి వంకర, మాట ముద్ద, అదే వైపు కాలు కూడా బలహీనం, ఇవి ఉన్నట్టుండి వస్తే అది మెదడు సంగతి. 108కి ఫోన్ చేయాలి. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డని కరిగించే సూది, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. మూతి ఒక్కటే పోయి, అటువైపు నుదురు ముడవలేక, కన్ను మూయలేకపోతే అది చాలాసార్లు ముఖనరం వాపు. దానికీ మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే గుణం. ఏది ఏదో తేల్చేది మాత్రం డాక్టరే, ఇంట్లో పందేలు వద్దు.

సీజన్లో ఒళ్లు నొప్పులకి సూది వేయించుకోవడం ఒక అలవాటు. పిర్ర మధ్యలో, కిందుగా సూది దిగితే సయాటిక్ నరానికి తగలొచ్చు. సూది గుచ్చగానే కాలివేళ్ల దాకా షాక్ కొట్టినట్టు జిల్లుమంటే వెంటనే 'ఆపండి' అనండి, మందు ఎక్కించనివ్వకండి. వేయించుకోక తప్పకపోతే పిర్ర పైభాగంలో, బయటివైపే. నన్నడిగితే నొప్పులకి మాత్ర చాలు.

బండి మీద నుంచి పడి భుజం ఒకవైపు, తల ఒకవైపు లాగితే మెడ నుంచి చేతికి వచ్చే నరాల గుత్తే దెబ్బతింటుంది. చెయ్యి వేలాడిపోయి, మంట భరించలేకుండా ఉండి, అదే వైపు కనురెప్ప కొంచెం వాలి, కంటిపాప చిన్నదైతే వెన్నుపాము దగ్గరే వేరు ఊడిందన్న అనుమానం. ఎముక విరగలేదని కట్టు కట్టి ఇంటికి పంపిస్తే సరిపోదు. ఇలాంటివాటికి ఆపరేషన్ అవసరమైతే మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే మంచి ఫలితం.

దెబ్బే తగలకుండా చిటికెనవేలు మొద్దుబారి, వేళ్లు ముడుచుకుంటూ, మోచేతి వెనక నరం తాడులా లావుగా తగిలితే, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో వెతకండి. కుష్ఠు అయ్యుండొచ్చు. 2005 డిసెంబరులో దేశస్థాయిలో నిర్మూలన లక్ష్యం చేరామని ప్రకటించారు గానీ కేసులు పూర్తిగా పోలేదు. పీహెచ్‌సీలో మందు ఉచితం, వేళ్లు పూర్తిగా వంగకముందు వెళ్తేనే చేతికి లాభం.

నలిగిన నరానికి ఎంతకాలం ఆగాలి? గాయం లేకుండా వచ్చినవాటికి మూడు వారాలు దాటాక నరాల కరెంటు పరీక్ష చేయిస్తే దెబ్బ ఎంతో బాగా తేలుతుంది. మరీ ముందు చేయిస్తే డబ్బు దండగ. మూడు నెలలైనా కదలిక రాకపోతే సర్జన్‌ని కలవాలి. తెగిన నరాన్ని కుట్టాక అది రోజుకి ఒక మిల్లీమీటరు, నెలకి ఒక అంగుళం లెక్కన పెరుగుతుంది. కండ మాత్రం కబురు అందకుండా ఏడాది, ఏడాదిన్నరకి మించి ఎదురుచూడదు. రోజులు లెక్కపెట్టమని పదేపదే అనేది అందుకే.

ఆ మణికట్టు ఆవిడకి చివరికి కాలి నరంతో అతుకు వేశారు. మొన్న వచ్చింది. అతుకు దగ్గర నుంచి వేలితో తట్టుకుంటూ పోతే జిల్లుమనే చోటు (నరం అక్కడిదాకా పెరిగిందన్న గుర్తు), నెలనెలా కిందికి దిగుతూ, ఇప్పుడు చూపుడువేలి మొదటి కణుపు దాటింది. పెన్నుతో గీత పెట్టి తేదీ వేశాను, ఆవిడ ఫోన్లో ఫొటో తీసుకుంది. కోతకి మనిషిని పెట్టిందట. టీ గ్లాసు ఇంకా కుడిచేత్తోనే పట్టుకుంటోంది.