తెర పగలకముందే: లినక్స్ కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనును నడిపించే పద్ధతి

పోయిన వానాకాలంలో మా అక్క ఫోను చేతిలోంచి జారి మెట్ల మీద పడింది. అద్దం పగిలి తెర పూర్తిగా నల్లబడిపోయింది, కాని లోపల ఫోను మాత్రం బతికే ఉంది. ఎవరైనా చేస్తే మోగేది, ఎత్తడానికే దారి లేదు. కేబులుతో నా లినక్స్ ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాను. ఆ ఫోనులో యూఎస్‌బీ డీబగ్గింగ్ (ఫోనును కంప్యూటరు ఆదేశాలతో నడపనిచ్చే సెట్టింగు) అంతకుముందు ఒక్కసారైనా తెరిచి ఉండకపోవడంతో కంప్యూటరుకు లోపలికి వెళ్లే అనుమతి దొరకలేదు. అనుమతి ఇవ్వాలంటే తెర మీద నొక్కాలి, నొక్కాలంటే తెర కనబడాలి. పాప ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయని అక్క పడిన ఆందోళన చూశాక, మా ఇంట్లో ప్రతి ఫోనుకూ ఈ ఏర్పాటు ముందుగానే చేసి పెట్టాను. ఆ పద్ధతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, వాటిని వేరేగా చెప్పిన చోట తప్ప ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి టైపు చేయాలి.

మనకు కావలసిన పనిముట్లు ముఖ్యంగా రెండు. మొదటిది ఏడీబీ, అంటే ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్. కంప్యూటరుకూ ఫోనుకూ మధ్య వంతెన ఇదే. రెండవది ఆ వంతెన మీదుగా ఫోను తెరను మన కంప్యూటరు మీద చూపించి, మన మౌసునూ కీబోర్డునూ ఫోనుకు అందించే ప్రోగ్రాము. దీనిని జెనీమొబైల్ సంస్థ 2018లో విడుదల చేసింది. దీని పేరు ఎస్, సీ, ఆర్, సీ, పీ, వై అనే ఆరు అక్షరాలు. పలికేటప్పుడు ‘స్క్రీన్ కాపీ’ అనాలి. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫోనులో ఏ యాప్‌నూ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు, రూట్ (ఫోను వ్యవస్థ మీద పూర్తి అధికారం తీసుకోవడం) చేయనవసరం లేదు, ఎక్కడా ఖాతా తెరవనవసరం లేదు. నడిపినప్పుడల్లా ఒక చిన్న ఫైలును ఫోనులోని తాత్కాలిక ఫోల్డరుకు పంపి, దాని ద్వారా పని జరిపిస్తుంది. ఆండ్రాయిడ్ 5 నుంచి పైన ఉన్న ఫోన్లన్నిటితోనూ ఇది పనిచేస్తుంది.

ఉబుంటులోనూ డెబియన్‌లోనూ ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఏడీబీ’ అన్న ఆదేశంతో ఏడీబీ వస్తుంది. ఫెడోరాలో ఆ ప్యాకేజీ పేరు ఆండ్రాయిడ్-టూల్స్. స్క్రీన్ కాపీ కూడా ఆప్ట్‌తో దొరకవచ్చు గాని, అలా దొరికేది తరచుగా పాత వెర్షను. ఉదాహరణకు ఉబుంటు 22.04తో వచ్చేది 1.21. ఫోను శబ్దాన్ని కంప్యూటరులో వినే సౌకర్యం 2023లో వచ్చిన 2.0 వెర్షనుతో మొదలయింది కాబట్టి, పాతది పెట్టుకుని శబ్దం రావడం లేదని వెతుక్కోవడం కన్నా, ఈ ప్రోగ్రాము గిట్‌హబ్ పేజీలో లినక్స్ కోసం సిద్ధంగా ఉంచిన తాజా ఫైలును దించుకుని విప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఫోను వైపు పని. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు వరుసగా నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త విభాగం కనిపిస్తుంది. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేయాలి. షావోమీ ఫోన్లలో దాని కిందే సెక్యూరిటీ సెట్టింగ్స్ అన్న పేరుతో ఇంకొక డీబగ్గింగ్ మీట ఉంటుంది. దానిని కూడా ఆన్ చేయకపోతే తెర కంప్యూటరులో చక్కగా కనిపిస్తుంది గాని మౌసుతో ఎంత నొక్కినా ఏమీ కదలదు. మార్చిన తరువాత ఫోనును ఒకసారి రీస్టార్ట్ చేయడం మేలు.

ఫోనును కేబులుతో తగిలించి ‘ఏడీబీ డివైసెస్’ అని కొట్టండి. అదే క్షణంలో ఫోను తెర మీద ఒక పెట్టె వస్తుంది. అందులో మీ కంప్యూటరు తాళంచెవి తాలూకు వేలిముద్ర లాంటి పొడవైన అక్షరాల వరుస, దాని కింద ఈ కంప్యూటరును ఎప్పుడూ అనుమతించమనే చిన్న గడి ఉంటాయి. ఆ గడిలో టిక్కు పెట్టి అనుమతించాలి. తొందరలో చాలామంది ఈ గడిని వదిలేస్తారు. దాని విలువ తెర పగిలిన రోజున తెలుస్తుంది. మళ్లీ అదే ఆదేశం కొట్టినప్పుడు ఫోను సీరియల్ నంబరు పక్కన ‘డివైస్’ అని వస్తే వంతెన సిద్ధమయినట్లే. ‘అనాథరైజ్డ్’ అని వస్తే ఫోనులో ఆ పెట్టెకు మీరు ఇంకా జవాబివ్వలేదని అర్థం. ‘నో పర్మిషన్స్’ అని వస్తే తప్పు ఫోనుది కాదు. మీ లినక్స్‌లో యూడెవ్ నియమాలు, అంటే తగిలించిన పరికరాన్ని ఎవరు వాడవచ్చో చెప్పే నియమాలు, లేవు. ఉబుంటులో ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్ అనే ప్యాకేజీని వేసి, కేబులు తీసి మళ్లీ పెడితే సరిపోతుంది. జాబితా పూర్తిగా ఖాళీగా ఉంటే మాత్రం ముందు కేబులునే అనుమానించండి. ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే కేబుళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, వాటిలో డేటా తీగలు ఉండవు.

ఇప్పుడు టెర్మినల్‌లో ఆ ఆరు అక్షరాల పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోను తెర ఒక కిటికీలో తెరుచుకుంటుంది. ఎడమ మౌసు బటను వేలితో సమానం. కుడి బటను వెనక్కి తీసుకువెళుతుంది, మధ్య చక్రాన్ని నొక్కితే హోమ్ వస్తుంది. ఎడమ ఆల్ట్ మీటతో హెచ్ నొక్కితే హోమ్, ఎస్ నొక్కితే తెరిచి ఉన్న యాప్‌ల వరుస, ఎన్ నొక్కితే నోటిఫికేషన్లు, ఓ నొక్కితే ఫోను తెర ఆరిపోయి కిటికీలో మాత్రం అంతా కనిపిస్తూనే ఉంటుంది. ఈ చివరిది నాకు రోజూ పనికివస్తుంది, ఎందుకంటే బ్యాటరీ వేడెక్కదు, పక్కన కూర్చున్నవారికి ఫోనులో ఏముందో కనబడదు. మొదటినుంచీ అలాగే కావాలంటే పేరు తరువాత ఒక చిన్న గీత, పెద్ద అక్షరం ఎస్ పెట్టండి. పాత కంప్యూటరులో బొమ్మ తడబడుతుంటే గీత, ఎమ్, ఖాళీ, 1024 అని చేర్చితే తెర పరిమాణం తగ్గి వేగం పెరుగుతుంది. ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్ ఫైలును) లాగి కిటికీలో వదిలితే ఇన్‌స్టాల్ అవుతుంది, వేరే ఏ ఫైలును వదిలినా ఫోనులోని డౌన్‌లోడ్ ఫోల్డరుకు చేరుతుంది.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. కంప్యూటరు కీబోర్డు నుంచి సాధారణ పద్ధతిలో ఫోనుకు వెళ్లేవి ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే; ఐబస్‌లో (లినక్స్‌లో ఇతర భాషలు టైపు చేయించే ప్రోగ్రాములో) తెలుగు పెట్టుకుని ఆ కిటికీలో నేరుగా టైపు చేస్తే అక్షరాలు ఫోనుకు చేరవు. దీనికి నేను వాడే మార్గం చాలా తేలికైనది. పక్కన ఒక టెక్స్ట్ ఎడిటరు తెరిచి, మీకు అలవాటైన తెలుగు కీబోర్డు పద్ధతిలో, ఇన్‌స్క్రిప్ట్‌లోనో ఆర్‌టీఎస్‌లోనో, వాక్యమంతా రాసి కాపీ చేయండి. తరువాత ఫోను కిటికీలో సందేశం రాసే చోట ఒకసారి నొక్కి కంట్రోల్‌తో వీ కొట్టండి. కంప్యూటరు క్లిప్‌బోర్డులో ఉన్నది మొదట ఫోను క్లిప్‌బోర్డుకు వెళ్లి, వెంటనే అక్కడ పేస్ట్ అవుతుంది. ఒత్తులు, గుణింతాలు ఏవీ చెదరవు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఇది పనిచేస్తుంది. ఊళ్లో సంఘం గ్రూపుకు నేను రాసే పెద్ద పెద్ద సందేశాలన్నీ ఇలా వెళ్లినవే. బొటనవేళ్లతో గంట పట్టేది పది నిమిషాలలో అయిపోతుంది.

కేబులు లేకుండా వైఫై మీద కూడా ఇదంతా చేయవచ్చు. కేబులు ఉన్నప్పుడే ‘ఏడీబీ టీసీపీఐపీ 5555’ అని కొట్టి, కేబులు తీసేసి, ‘ఏడీబీ కనెక్ట్’ తరువాత ఫోను ఐపీ చిరునామా రాయడం పాత పద్ధతి. ఫోను రీస్టార్ట్ అయితే ఇది పోతుంది, మళ్లీ కేబులు కావాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ అనే మీట వచ్చింది. దానిలో జత కలిపే కోడ్ అడిగితే ఆరు అంకెల సంఖ్య, ఐపీ చిరునామా, దాని పక్కన పోర్టు సంఖ్య చూపిస్తుంది. వాటితో ‘ఏడీబీ పెయిర్’ చేయాలి. ఆ తరువాత ‘ఏడీబీ కనెక్ట్’ చేసేటప్పుడు వాడవలసింది ఆ పోర్టు కాదు. వైర్‌లెస్ డీబగ్గింగ్ మొదటి పేజీలో కనిపించే వేరొక పోర్టు. రెండూ ఒకటే అనుకుని నేను మొదటిసారి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఏడీబీకి ‘పెయిర్’ అనే మాటే తెలియదని టెర్మినల్ చెబితే మీ ఏడీబీ పాతది. గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్‌లో 30వ వెర్షను గాని, ఆ తరువాతిది గాని దించుకోవాలి.

వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోను సరిచేయవలసి వచ్చినప్పుడు ఏమిటి మార్గం? ఇంటి రౌటరులో 5555 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అలా తెరిచి ఉన్న పరికరాలను వెతికి పట్టుకుని, వాటితో క్రిప్టో నాణేలు తవ్వించిన ఏడీబీ.మైనర్ అనే పురుగు 2018 ఫిబ్రవరిలో బయటపడింది. వైర్‌గార్డ్ లేదా టెయిల్‌స్కేల్ లాంటి సొంత గుప్త మార్గంలో ఫోనునూ కంప్యూటరునూ ఒకే నెట్‌వర్కులోకి తెచ్చి, ఆ లోపలి చిరునామాకు ‘ఏడీబీ కనెక్ట్’ చేయడమే సరైన దారి. ఊరికి వెళ్లినప్పుడు కేబులుతో మొదటి అనుమతి ఇప్పించుకుని, రౌటరులో కాకుండా ఫోనులో మాత్రమే పైన చెప్పిన ‘ఏడీబీ టీసీపీఐపీ 5555’తో ఆ పోర్టును తెరిచి రావాలి. నెట్ నెమ్మదిగా ఉంటే గీత, బి, ఖాళీ, 2ఎమ్ అని చేర్చి వీడియో భారం తగ్గించాలి. తెరిచే ముందు ప్రతిసారీ ఫోను చేసి, ‘అమ్మా, ఇప్పుడు నీ ఫోను నేను కదిలిస్తున్నాను’ అని చెప్పండి. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, తెర చూపించే యాప్ పెట్టించి డబ్బు దోచుకునే మోసాలు ఇన్ని జరుగుతున్న రోజుల్లో, తెర దానంతట అది కదలడం పెద్దవాళ్లకు అలవాటు కాకూడదు. ఫోను కదిలితే వాళ్లు భయపడాలి, మనను అడగాలి.

తెర మొత్తం అక్కరలేక నోటిఫికేషన్లు, ఫైళ్లు, క్లిప్‌బోర్డు వరకు చాలనుకుంటే కేడీఈ కనెక్ట్ అనే ప్రోగ్రాము హాయిగా ఉంటుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవారికి అదే పని చేసే జీఎస్‌కనెక్ట్ ఉంది. రెండు వైపులా ఇన్‌స్టాల్ చేసి, ఒకే వైఫైలో ఉండి జత కలిపితే చాలు. ఒకదానికొకటి కనబడకపోతే ఫైర్‌వాల్‌లో 1714 నుంచి 1764 వరకు పోర్టులను టీసీపీ, యూడీపీ రెండింటికీ తెరవండి. హాస్టళ్లలో అయితే రౌటరే పరికరాలను విడదీసి ఉంచడం మామూలే.

ఫొటోలను కంప్యూటరుకు తెచ్చుకోవడానికి మాత్రం నేను ఏడీబీనే నమ్ముతాను. వేల ఫొటోలున్న ఫోల్డరును ఫైల్ మేనేజరులో తెరిస్తే ఎంటీపీ (కేబులు మీద ఫైళ్లు పంపే మామూలు పద్ధతి) మధ్యలో ఆగిపోవడం అందరికీ అనుభవమే. ‘ఏడీబీ పుల్’ తరువాత గీత, ఎ పెట్టి, స్లాష్ ఎస్‌డీకార్డ్ స్లాష్ డీసీఐఎమ్ అన్న దారి ఇస్తే ఫొటోల తేదీలు కూడా చెక్కుచెదరకుండా వస్తాయి. ఎస్‌డీకార్డ్ చిన్న అక్షరాలలో, డీసీఐఎమ్ పెద్ద అక్షరాలలో రాయడం మరచిపోవద్దు.

బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఈ కిటికీలో నల్లగా కనిపిస్తే కంగారు పడకండి. తెరను నకలు తీయనివ్వకూడదని ఆ యాప్‌లు కావాలని పెట్టుకున్న అడ్డు అది, దానిని తప్పించుకోవాలని చూడవద్దు. డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే అసలు తెరుచుకోని యాప్‌లు కూడా కొన్ని ఉన్నాయి.

మళ్లీ పగిలిన తెర దగ్గరికి వస్తాను. అనుమతి ఇచ్చేశాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఏడు రోజులు వాడని కంప్యూటరు అనుమతి దానంతట అదే రద్దవుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో ఏడీబీ ఆథరైజేషన్ టైమ్‌ఔట్‌ను ఆపివేసే మీట ఉంటుంది, దానిని ఆన్ చేసి పెట్టండి. అప్పుడు తెర నల్లబడినా కేబులు తగిలించి, కిటికీ తెరిచి, పిన్ కీబోర్డుతో కొట్టి లోపలికి వెళ్లవచ్చు. అనుమతి ఇవ్వని ఫోనులో తెర కనిపిస్తూ టచ్ మాత్రమే పోయి ఉంటే, స్క్రీన్ కాపీ పేరు తరువాత రెండు గీతలు పెట్టి ‘ఓటీజీ’ అని రాయండి. డీబగ్గింగ్ లేకపోయినా మీ కీబోర్డు, మౌసు ఫోనుకు నేరుగా తగిలించినట్లు పనిచేస్తాయి. బాణం గుర్తును ఫోను తెర మీదనే చూసుకుంటూ డీబగ్గింగ్ కూడా అలాగే ఆన్ చేసుకోవచ్చు.

అయితే ఆ అనుమతి ఉన్న కంప్యూటరు, ఫోను పిన్ రెండూ ఒకే మనిషి చేతిలో పడితే ఫోను మొత్తం అతని చేతిలో ఉన్నట్లే. కాబట్టి సొంత కంప్యూటరుకు తప్ప దేనికీ ‘ఎప్పుడూ అనుమతించు’ అన్న టిక్కు పెట్టకండి. ఫోనును రిపేరుకు ఇచ్చే ముందు, అమ్మే ముందు, కంప్యూటరు మార్చినప్పుడు డెవలపర్ ఆప్షన్స్‌లోని రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్ నొక్కి పాత అనుమతులన్నిటినీ తుడిచివేయండి. ఆ తరువాత మీ కంప్యూటరుకు తగిలించి, పెట్టె మళ్లీ వస్తోందో లేదో ఒకసారి చూసుకోండి; వచ్చిందంటే తుడిచివేత సరిగా జరిగినట్లు.