ఐటాప్‌లో సర్వీసులు పెట్టడం: ముందు కాటా, తర్వాతే ప్రింటరు

మాది తిరుపతిలో చిన్న ఐటీ సపోర్టు టీము. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కంప్యూటర్లు, నెట్‌వర్కు మేమే చూస్తాం. ఐటాప్ అంటే ఫిర్యాదులు, సర్వీసులు, గడువులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్. మొదటిసారి దాన్ని ఇన్‌స్టాల్ చేసినప్పుడు సర్వీసుల కింద నేను రాసింది ఏంటంటే ప్రింటర్లు, డెస్క్‌టాప్‌లు, స్విచ్‌లు, యూపీఎస్‌లు. చూడ్డానికి నీటుగానే ఉంది. జూన్‌లో తోతాపురి దిగింది, గేటు బయట ట్రాక్టర్లు వరసకట్టాయి, సరిగ్గా అప్పుడే కాటా దగ్గర ప్రింటరు ఆగిపోయింది. "తూకం చీటీ రావడం లేదన్నా" అని వచ్చిన ఆ ఫోను మా లిస్టులో 'ప్రింటరు సమస్య, మీడియం' అని పడింది, హెచ్‌ఆర్ గదిలో కలర్ సరిగా రావడం లేదన్న ఇంకో మీడియం కింద.

అందుకే మొదట చెప్పేది ఇదే. సర్వీసు అంటే వస్తువు కాదు, అది ఆగితే అవతలివాళ్లకి ఆగిపోయే పని. వస్తువులకి కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అని వేరే చోటు ఉంది, ప్రింటరు అక్కడ ఉండాలి. సర్వీసు పేరు మాత్రం 'కాటా, తూకం చీటీ'. ఫ్యాక్టరీవాళ్లు నోటితో ఏమంటారో అదే రాయండి, 'వేయింగ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సపోర్ట్' అని రాస్తే వాళ్లు ఫిర్యాదు పెట్టే పేజీలో, అంటే పోర్టల్‌లో, దాన్ని ఎవరూ నొక్కరు.

సర్వీస్ మేనేజ్‌మెంట్ మెనూలోకి వెళ్లి ముందు సర్వీస్ ఫ్యామిలీ, అంటే సర్వీసుల గుంపు, చేయండి, 'గేటు పనులు', 'ఆఫీసు పనులు' అని రెండు చాలు. తర్వాత సర్వీసు. దాని కింద సబ్‌కేటగిరీలు: 'చీటీ ప్రింటు కావడం లేదు', 'తూకం స్క్రీన్ మీద రావడం లేదు', 'కొత్త ఆపరేటర్‌కి లాగిన్ కావాలి'. మొదటి రెండూ చెడిపోయినవి కాబట్టి ఇన్సిడెంట్, మూడోది అడిగి చేయించుకునే పని కాబట్టి సర్వీస్ రిక్వెస్ట్. ఈ రకం తప్పుగా పెడితే, ఇన్సిడెంట్లు వేరుగా రిక్వెస్టులు వేరుగా పెట్టుకున్న చోట, మనిషి వెతికే ఫారంలో ఆ సబ్‌కేటగిరీ కనపడదు.

ఇప్పుడు టైములు. ఎస్‌ఎల్‌టీ అంటే ఒక్కొక్క గడువు. టీటీఓ అంటే ఎంతసేపట్లో ఒకరు టికెట్ (నమోదైన ఫిర్యాదు) చేతిలోకి తీసుకోవాలి, టీటీఆర్ అంటే ఎంతసేపట్లో పని పూర్తి కావాలి. ఇలాంటివి కొన్ని కలిపితే ఎస్‌ఎల్‌ఏ. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, నేనూ పడ్డాను. సర్వీసు ముఖ్యమైనది కదా అని టికెట్ దానంతటదే క్రిటికల్ అయిపోదు. ప్రయారిటీ అనేది ఇంపాక్ట్ (ఎంతమందికి దెబ్బ), అర్జెన్సీ (ఎంత తొందర) కలిపి లెక్కయ్యేది, ఎస్‌ఎల్‌టీ ఆ ప్రయారిటీని బట్టి దొరికేది. క్రిటికల్‌కి మాత్రమే గడువు రాసి వదిలేస్తే, ఫోన్ ఎత్తిన మనవాడు తొందరలో మీడియం పెట్టిన రోజు ఆ టికెట్‌కి గడువే ఉండదు. కాబట్టి కాటాకి విడిగా ఒక ఎస్‌ఎల్‌ఏ చేసి, అందులో మీడియంకి కూడా గట్టి టైమే పెట్టండి. మేం టీటీఓ 15 నిమిషాలు, టీటీఆర్ 3 గంటలు పెట్టుకున్నాం. అరగంట అని రాస్తే బాగానే ఉంటుంది కానీ, తిరుపతి నుంచి పూతలపట్టు మీదుగా చిత్తూరుకి దాదాపు 70 కిలోమీటర్లు, మనిషి ఎగిరి వెళ్లలేడు కదా.

ఇంకోటి, మామూలు ఉచిత ఐటాప్ గడియారం 24 గంటలూ తిరుగుతుంది, ఆఫీసు వేళలు లెక్కలోకి రావాలంటే దానికి వేరే ఎక్స్‌టెన్షన్ ఉంది. సీజన్‌లో ఫ్యాక్టరీ రాత్రి కూడా నడుస్తుంది కాబట్టి కాటాకి ఇది సరిపోయింది. ఆఫీసు పనులకి గడువు కొంచెం వదులుగా ఇచ్చుకోండి, లేకపోతే శనివారం సాయంత్రం వచ్చిన టికెట్లన్నీ సోమవారం పొద్దునకి ఎర్రగా మెరుస్తుంటాయి.

ఇంత చేశాక కూడా పోర్టల్‌లో సర్వీసు కనపడకపోవచ్చు. టెన్షన్ పడొద్దు, తొంభై పాళ్లు కారణం కస్టమర్ కాంట్రాక్ట్, అంటే ఏ కస్టమర్‌కి ఏ సర్వీసులో రాసే రికార్డు, లేకపోవడమే. ఫ్యాక్టరీ పేరు మీద కాంట్రాక్ట్ చేసి, దాని సర్వీసుల ట్యాబ్‌లో కాటాని చేర్చి, పక్కనే ఎస్‌ఎల్‌ఏ ఎంచుకోవాలి. అది ఉన్నా కనపడలేదంటే సర్వీసు స్టేటస్ అబ్సొలీట్‌లో (ఇక వాడనిది) ఉందేమో, ఆ మనిషి పొరపాటున మీ ఆర్గనైజేషన్ కింద నమోదై ఉన్నాడేమో చూడండి. టికెట్‌ని ఒక టీముకి అప్పగించబోతే టీముల లిస్టు ఖాళీగా వస్తోందా? ఫ్యాక్టరీ రికార్డులో డెలివరీ మోడల్, అంటే వాళ్ల పని ఏ టీములు చూస్తాయో చెప్పేది, పెట్టలేదన్నమాట. మోడల్ చేసి మీ టీమును అందులో చేర్చితే సరి.

చివరగా ఫ్యాక్టరీ కింద ఒక ఉత్తుత్తి మనిషిని సృష్టించి, అతని లాగిన్‌తో పోర్టల్‌లోకి వెళ్లి, చీటీ రావడం లేదని మీరే టికెట్ వేయండి. మీ అడ్మిన్ లాగిన్‌తో చూస్తే అన్నీ కనపడతాయి, దాన్ని నమ్మొద్దు. ఇదంతా మే నెలలోనే చేసుకోండి, ట్రాక్టర్లు వచ్చాక గేటు దగ్గర ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కాంట్రాక్టులు సరిచేసే పని నాకైతే ఒక సీజన్‌కే చాలనిపించింది.