కొత్త ఇంట్లో చేరాక తక్కువ ఖర్చుతో మార్పులు: ఏది ముందు, ఏది తర్వాత?

గృహప్రవేశం అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక ప్రతి ఇంట్లోనూ ఒక జాబితా మొదలవుతుంది. హాల్లో ఫాల్స్ సీలింగ్, వంటింట్లో మాడ్యులర్ కబోర్డులు, టీవీ వెనక చెక్క ప్యానెల్, వరండాకు గ్రిల్లు. ఇంటి అప్పు అప్పటికే నెత్తిన ఉంటుంది. ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె మార్చుకునే నెల్లూరు రొట్టెల పండగలో సొంతింటి రొట్టె కోసం స్వర్ణాల చెరువులో నిలబడేవాళ్లను చూస్తే, సొంత ఇల్లంటే మనవాళ్లకు ఎంత ఆశో తెలుస్తుంది. అంత ఆశపడి సంపాదించుకున్న ఇంటికి మొదటి ఏడాదే తొందరపడి డబ్బంతా పోసేసి, ఆ తర్వాత గోడలో చెమ్మ చూసి బాధపడే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

నేను చెప్పేది ఒకటే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు ఒక కార్తీక మాసపు వానను, ఒక రోహిణి కార్తె ఎండను చూసేదాకా అందం కోసం పెద్ద ఖర్చు పెట్టకండి. ఈలోగా పెట్టే డబ్బు నీళ్లకు, కరెంటుకు, మిద్దెకు వెళ్లాలి.

మొదటి నెల చూడండి, రాసుకోండి

మొదటి నెల అత్యవసరమైతే తప్ప మేస్త్రీని పిలవకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని కనిపించిన ప్రతి లోపాన్నీ రాయండి. ఏ స్విచ్ వేడెక్కుతోంది, ఏ బాత్రూంలో నీళ్లు మూలన నిలుస్తున్నాయి, మధ్యాహ్నం మూడు గంటలకు ఏ గది ఉడికిపోతోంది, సాయంత్రం దోమలు ఎటునుంచి వస్తున్నాయి. పగలంతా ఇంట్లో ఉండేవాళ్లను తప్పకుండా అడగండి. ఆఫీసుకు వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లకు ఇంటి సంగతి సగమే తెలుస్తుంది.

నీళ్ల లీకేజీ కనిపెట్టడానికి ఖర్చు అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, పైన ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ముందు ఫ్లష్ ట్యాంకునే అనుమానించాలి. అందులో కాస్త రంగు కలిపి, పది పదిహేను నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. రంగు నీళ్లు కమోడ్‌లోకి దిగితే లోపలి వాషర్ పోయినట్టు. వాషర్ మారిస్తే సరిపోయేదానికి కొత్త ఫ్లష్ ట్యాంకు కొనాల్సిన పని లేదు.

జాబితా తయారయ్యాక ప్రతి లోపం పక్కన ఒక ప్రశ్నకు జవాబు రాయండి: దీన్ని ఏడాది వదిలేస్తే ఏమవుతుంది? పెరుగుతుంది, మనిషికి ప్రమాదం అనే జవాబు వస్తే వెంటనే చేయించాలి. అలాగే ఉంటుంది అనిపిస్తే ఆగొచ్చు. సన్నగా కారే పైపు మొదటి రకం. నచ్చని టైల్స్ రంగు రెండో రకం. చేతిలో లక్ష రూపాయలుంటే అందులో పదిహేను వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి, కొత్త ఇంట్లో అనుకోని పని రాకుండా ఉండదు. యాభై అరవై వేలు మొదటి రకం పనులకు సరిపెట్టుకుని, మిగిలింది వేసవి దాకా దాచండి. ఈ పనుల కోసం పర్సనల్ లోన్ తీసుకోవద్దనే నా సలహా. ఇంటి లోన్ కన్నా దాని వడ్డీ చాలా ఎక్కువ.

తాగే నీళ్లు

ఫిల్టర్ కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చాలాకాలంగా ఉన్న సమస్య. తీరం వైపు ఊళ్లలో ఉప్పు సమస్య. ఉప్పు నాలుకకు తెలుస్తుంది, ఫ్లోరైడ్ తెలియదు. దానికి రుచీ వాసనా ఉండవు. ఫిల్టర్ అమ్మేవాళ్లు నీళ్లలో ముంచి చూపించే చిన్న టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది, ఫ్లోరైడ్ ఎంతుందో అది కూడా చెప్పదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలన్నది మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు దొరకనిచోట గరిష్ఠంగా 1.5 వరకు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో ఈ పరీక్ష చేస్తారు.

ఫ్లోరైడ్ గానీ ఉప్పు గానీ ఎక్కువుంటే ఆర్వో అవసరం. లేకపోతే మామూలు ఫిల్టర్ చాలు, ఆర్వోకు పెట్టే డబ్బూ అది పారబోసే నీళ్లూ మిగులుతాయి. ఆర్వో పెట్టుకున్నవాళ్లు అది వదిలే నీళ్లను బకెట్లో పట్టి బాత్రూం కడగడానికి వాడుకోవచ్చు. మొక్కలకు పోయడం మంచిది కాదు, ఉప్పు మట్టిలో పేరుకుంటుంది.

కరెంటు దగ్గర బేరం వద్దు

మిగతా అన్ని పనుల్లో పొదుపు చేయండి. ఇక్కడ మాత్రం మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు విషయాలు చూడమనండి. ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందా? ఏసీకి, గీజరుకు వేరే లైన్లు ఉన్నాయా? ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ ఉంటే చాలనుకుంటారు చాలామంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటును ఆపేది ఆర్‌సీసీబీ. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది వేయాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. వానాకాలంలో తడి చేతులతో మోటారు స్విచ్ వేసే పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఫాల్స్ సీలింగ్ కన్నా ఎంతో ముందు రావాల్సింది ఇది.

వైర్లు మార్చాల్సి వస్తే సాధారణంగా లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు. ఎర్త్ గుంత ఎండిపోతే పనిచేయదు. ఇసుక నేలల్లో ఇళ్లున్నవాళ్లు వేసవిలో అందులో అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

పాత ఫ్యాన్లు ఉంటే ఎక్కువసేపు తిరిగే ఒకటి రెండింటిని బీఎల్‌డీసీ రకానికి మార్చండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఇది 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు సుమారు 20 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. గెస్ట్ రూం ఫ్యాను పాతదైనా నష్టం లేదు.

వానలకు ముందు మిద్దె

అసలు డబ్బు పెట్టాల్సిన చోటు ఇది. మనకు నైరుతి రుతుపవనాల కన్నా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలే గట్టిగా కురుస్తాయి. 2015 నవంబరులోనూ, 2021 నవంబరులోనూ నెల్లూరు జిల్లా చూసిన వరదలు ఎవరూ మర్చిపోలేదు. అలాంటి వాన రోజుల తరబడి ఆగకుండా పడితే స్లాబులో జుట్టంత పగులైనా బయటపడుతుంది.

మార్చి, మే నెలల మధ్య మిద్దెను పరీక్షించండి. నీళ్లు బయటికి పోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, మిద్దె మీద ఒకటి రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, ఒక రోజంతా ఉంచండి. మర్నాడు కింద గదుల్లో పైకప్పు చూసుకుంటూ తిరగండి. తడి మచ్చ కనిపించినచోట పెన్సిల్‌తో గుండ్రంగా గీయండి. గుడ్డలు తీసేశాక నీళ్లు ఎక్కడ నిలిచిపోయాయో కూడా చూడండి. అక్కడ వాటం సరిగ్గా లేదన్నమాట. వాటం సరిచేయకుండా పైన ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా ఎక్కువకాలం నిలవదు.

వాటర్‌ప్రూఫింగ్ పనిలో క్రమం ముఖ్యం. నాచు, దుమ్ము గీకి కడగాలి. పూర్తిగా ఆరనివ్వాలి. పగుళ్లను కాస్త వెడల్పు చేసి ఫిల్లర్‌తో నింపాలి. ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. పిట్టగోడ, స్లాబు కలిసే మూలల్లో, గొట్టాల చుట్టూ జాలీ గుడ్డ వేసి కోటింగ్ చేయించండి, చాలా ఇళ్లు కారేది అక్కడే. తడి మీద కోటింగ్ వేస్తే బుడగలొచ్చి లేచిపోతుంది. అందుకే దసరా ముందు హడావిడిగా కాకుండా వేసవిలోనే చేయించమంటున్నాను.

మిద్దె నీళ్లను రోడ్డు మీదికి వదలకండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 9,000 లీటర్లకు పైనే వస్తాయి. బోరుకు దగ్గర్లో ఒక ఇంకుడు గుంత తవ్వించి, కంకర, ఇసుక పొరలు వేసి గొట్టం అందులోకి తిప్పండి. గుంతకూ ఇంటి పునాదికీ మధ్య తగినంత ఎడం ఉండాలి.

సోలార్ ఆలోచన ఉంటే వాటర్‌ప్రూఫింగ్ తర్వాతే పెట్టించండి. ఫ్రేములు బిగించాక వాటి కింద పగుళ్లు పూడ్చడం కష్టం. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000, 3 కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. నెల బిల్లు బాగా తక్కువ వచ్చే ఇంటికి మాత్రం తొందరేం లేదు.

వానాకాలంలో ఇంకో మాట. చెక్క తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. నవంబరులో చెక్కిన తలుపు మేలో సందు వదులుతుంది. చెక్క ఆరాక కూడా పట్టేస్తుంటే అప్పుడు చెక్కించండి.

ఎండ, ఉక్క, దోమలు

పై అంతస్తు లేని ఇంట్లో వేడి ఎక్కువగా మిద్దె నుంచే దిగుతుంది. తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేస్తే గదిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంత పెట్టలేకపోతే జిగురు కలిపిన సున్నం రెండు మూడు పూతలు వేయండి. వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. ఆ కాస్త శ్రమకు ఇష్టపడితే ఇంతకన్నా చవకైన చల్లదనం లేదు.

పడమటి గోడకు బయట నీడ కల్పించండి, గ్రీన్ నెట్టో తడికో ఏదైనా సరే. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి తూర్పు కిటికీకి అడ్డంగా బీరువా పెట్టకండి. ఎయిర్ కూలర్ మార్కాపురం, కనిగిరి వైపు పొడి ఎండకు బాగా పనిచేస్తుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉక్కకు అంతగా పనిచేయదు. పక్కింట్లో ఉందని కొనేముందు మీ ఊరి గాలి చూసుకోండి.

దోమలకు కిటికీ జాలీలు వేయించేముందు సెప్టిక్ ట్యాంకు గొట్టం చివర నైలాన్ జాలీ కట్టండి. పైన నీళ్ల ట్యాంకు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి. ఆ రెండూ కాక కిటికీలకు వెల్క్రో జాలీలు చాలు. తీరం ఊళ్లలో ఇనుప గ్రిల్లులు త్వరగా తుప్పు పడతాయి. ఎమెరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, ఆపైన ఎనామిల్ వేయాలి. తుప్పు మీదే రంగు వేయించుకుంటే డబ్బు వృథా.

రాయి మన దగ్గరే ఉంది

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా వెళ్తోంది. ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల కటింగ్ యూనిట్ల దగ్గర మిగిలిన ముక్కల కోసం అడగండి. పెద్ద పలకల ధర ఉండదు. వంటింటి షెల్ఫులకు, కిటికీ గడపలకు, దేవుడి గూటికి అవి చక్కగా సరిపోతాయి. కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మార్కాపురం పలకల రాయి వరండా గోడకు అందంగా ఉంటుంది. మిద్దె మీద మాత్రం నల్లరాయి పరచకండి, కాళ్లు కాలిపోతాయి, ఇల్లూ వేడెక్కుతుంది.

పని ఒప్పుకునేటప్పుడు

కొలతలు మీరే తీసుకోండి. నెల్లూరులో స్థలం అంకణాల్లో మాట్లాడుకుంటాం, 72 చదరపు అడుగులు ఒక అంకణం. రంగు, టైల్స్ పని మాత్రం చదరపు అడుగుల్లో ఉంటుంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 400 చిల్లర. పైకప్పు 120. ఈ లెక్క ముందే చేతిలో ఉంటే మాటా మాటా పెరగదు. లేబర్ మాత్రమేనా, మెటీరియల్‌తో కలిపా అన్నది కాగితం మీద రాసుకోండి. డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వండి, చివరి భాగం ఒక వాన పడ్డాక ఇస్తానని ముందే చెప్పండి. పనివాళ్లను మధ్యాహ్నం ఎండలో మిద్దె ఎక్కించకండి, పొద్దున్నే మొదలుపెట్టి పదకొండుకు ఆపుకోమనండి.

రంగులు చివరికి

కొత్త గోడలో నీళ్లు ఆరడానికి కాలం పడుతుంది. ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులు ఆగాలి, మొదటి ఏడాది వైట్ ప్రైమర్‌తో సరిపెట్టుకుంటే ఇంకా మంచిది. ఆలోపు ఇల్లు సర్దుకుని సన్న పగుళ్లు ఎక్కడొస్తాయో అక్కడ వచ్చేస్తాయి. కింద గోడల్లో తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తే అది చెమ్మ. గీకి, కారణం కనుక్కుని, ఆరాకే పుట్టీ పెట్టించండి. సంక్రాంతి ముందు పెయింటర్లు దొరకడం కష్టం, రేటూ ఎక్కువే. ఫిబ్రవరిలో మాట్లాడుకుంటే గోడలూ పొడిగా ఉంటాయి, వాళ్లకూ తీరిక ఉంటుంది. పని అయ్యాక ప్రతి గది రంగు షేడ్ నంబరును నోట్‌బుక్‌లో రాసి, మిగిలిన రంగును మూత బిగించి నీడలో దాచండి. పిల్లలు గోడ మీద గీసినప్పుడు ఆ చిన్న డబ్బాతోనే సరిచేసుకోవచ్చు.