ఎన్నికల ముందు జోకులతో జాగ్రత్త

ఎన్నికల తేదీలు వచ్చాయంటే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లోకి రెండు రకాల సరుకు దిగుతుంది. ఒకటి కావాలని వండిన అబద్ధం, రెండోది సరదాకి రాసిన వెటకారం. మొదటిదాన్ని ఎలాగూ కాస్త అనుమానంగా చూస్తాం. నన్నడిగితే, బోల్తా కొట్టించేది రెండోదే.

ఓటు వేయకపోతే బ్యాంకు ఖాతాలోంచి 350 రూపాయలు కట్ అవుతాయన్న పేపర్ కటింగ్ మీకూ వచ్చే ఉంటుంది. అది 2019 హోలీకి నవభారత్ టైమ్స్ అనే హిందీ పత్రిక నవ్వుకోడానికి వేసిన వార్త. ఖాతా లేనివాళ్లకు మొబైల్ రీచార్జ్‌లో కోస్తారని కూడా అందులో ఉంది. అక్కడికైనా అనుమానం రావాలి! కానీ ఎవరో పేజీలోంచి ఆ వార్త ఒక్కటే ఫొటో తీసి వదిలారు. హోలీ సంగతి ఎగిరిపోయింది, 350 మాత్రం మిగిలింది. నిజం కాదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పినా, 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు మళ్లీ చక్కర్లు కొట్టింది.

అందుకే కటింగ్ వస్తే తేదీ, మొత్తం పేజీ అడగండి. ఆ రోజు ఈ-పేపర్ తెరిచి చూడటానికి ఎంతో సేపు పట్టదు. పంపినవాళ్లకు తేదీ తెలియకపోతే అక్కడితో ఆపేయండి. సోషల్ మీడియా పోస్టు స్క్రీన్‌షాట్ అయితే అది పెట్టిన ఖాతాలోకే వెళ్లి చూడండి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) వేరొకరిని అనుకరిస్తూ సరదాకి నడిపే పేరడీ ఖాతా, తాను పేరడీనని చెప్పి తీరాలన్నది నిబంధన, అయితే ఆ ముక్క స్క్రీన్‌షాట్‌లోకి రాకపోవచ్చు. వీడియోలకూ ఇదే గతి. బైకు మీద వచ్చి పిల్లాడిని ఎత్తుకెళ్లే కరాచీ వీడియో నిజానికి తల్లిదండ్రులను హెచ్చరించే ప్రకటన. చివర్లో పిల్లాడిని తిరిగి దింపేస్తారు. ఆ చివరే కత్తిరించి 2018లో మన దేశమంతా తిప్పారు.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అబద్ధమని కాదు, మొదట రాసిందెవరో పంపినవాళ్లకూ తెలియకపోవచ్చని.

అసలు చిక్కు మన దగ్గరే ఉంది. మనకు గిట్టని నాయకుడి మీద జోకు వేస్తే అది అచ్చం వార్తలాగే కనిపిస్తుంది. ఆ పేరు తీసేసి మన నాయకుడి పేరు పెట్టి ఒకసారి చదవండి. అప్పుడు నమ్మబుద్ధి కాకపోతే ఫార్వర్డ్ చేయకండి.

బాబాయో పెద్దమ్మో పంపితే గ్రూపులో అందరి ముందూ తప్పు పట్టకండి. పరువు సమస్య అయిపోతుంది, ఇంకో నాలుగు పంపుతారు. విడిగా ఫోన్ చేసి, "బాబాయ్, ఇది ఎక్కడిది?" అని అడగండి చాలు.

మీమ్ మీరే చేస్తుంటే "సరదాకి" అన్న మాట బొమ్మ మధ్యలోనే వేయండి. అంచున వేస్తే కత్తిరించేస్తారు, క్యాప్షన్‌లో రాస్తే బొమ్మ ఒక్కటే వెళ్లిపోతుంది. పోలింగ్ తేదీ, బూత్, ఓటరు కార్డు మీద మాత్రం జోకులే వద్దు. అది నమ్మి ఇంట్లో కూర్చున్న పెద్దాయనకు మర్నాడు ఎంత వివరించినా ఓటు తిరిగి రాదు.